దొర తెంపించిన అడ్డకట్ట

రేగులగడ్డ ఊరి కాగితాల్లో చెరువు చూసే నీరటి పేరు జంగయ్య. అంత నిబ్బరంగా అబద్ధమాడగలిగింది ఆ ఊళ్లో ఆ కాగితం తర్వాత గడీలో దొర నోరొక్కటే.

జంగయ్య చివరిసారి చెరువుకట్ట ఎక్కి పదకొండేండ్లయింది. దిగుడుబావి నీళ్లు తాగిన పుణ్యానికి కాలికి నారికురుపు లేచింది. బయటికొచ్చిన పురుగును పుల్లకు చుట్టి లాగుతుంటే అది సగంలో తెగి లోపలే చచ్చింది. కాలు చీముపట్టి, మానేనాటికి మోకాలు కట్టెలా బిగుసుకుపోయింది. అప్పటినుంచి చెరువు తూము తీసేది, మూసేది, కట్ట మీద ఎలుక బొక్కలు, ఎండ్రకాయ బొక్కలు వెతికి మట్టి కూరేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది అతని పెండ్లాం బిక్షమ్మ. మొదటి ఏడాది ఆమె పోయి చూసి వచ్చి చెప్పేది, మంచంలోంచి జంగయ్య ఏం చెయ్యాలో చెప్పేవాడు. రెండో ఏడాదికి ఆమె చేసి వచ్చి చెప్పేది. మూడో ఏడాదికి చెప్పడం కూడా మానేసింది.

ఊరందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి, తెలియనట్టు ఉండటంలో ఊరికి గొప్ప సాధన ఉంది. మడికి నీళ్లు రాకపోతే రైతులు ఆమె గుడిసె ముందుకే వచ్చి, ఆమెకు వీపు పెట్టి, లోపలి మంచం వైపు చూస్తూ "జంగా, మా మడి ఎండుతాంది" అనేవారు. జంగయ్య "సరే పటేలా" అనేవాడు. బిక్షమ్మ పార భుజాన వేసుకుని పోయేది. ఆడదాని చేతి నీళ్లతో పండిన వడ్లు తినడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆడది నీరటి అని నోటితో అనడానికే అందరికీ పరువు అడ్డం.

ఆ చెరువుకు ఎక్కువైన నీళ్లు పోయేందుకు పాతకాలపు వాళ్లు కట్ట చివర రాతితో మత్తడి కట్టారు. చెరువు నిండితే నీళ్లు మత్తడి మీంచి దుమికి, పక్కన వాగులో పడి కిందికి పోయేవి. పాతకాలపు వాళ్లకు దొర గురించి తెలియదు. దొర తండ్రి ఆ మత్తడి వాగును అటింత ఇటింత దున్నించి పొలంలో కలుపుకున్నాడు. కొడుకు మిగిలింది కూడా కలుపుకున్నాడు. ఇక మత్తడి దుమికితే నీళ్లు పడేది దొర వరి మీదే. అందుకని ఏటా చెరువు నిండే వేళకు మాలమాదిగలను వెట్టికి పిలిపించి, మత్తడి రాయి మీద మోకాలెత్తు మట్టి, గడ్డిపెల్లలు, తంగెడు కంప వేయించి అడ్డకట్ట పోయించేవాడు. పోయాల్సిన నీళ్లు పోవు. దొర వరి తడవదు. ఆ మోకాలెత్తు నీటి బరువంతా కట్ట మీద. కట్ట కింద, ఊరి మురుగంతా చేరే పల్లంలో, మాదిగవాడ.

యుద్ధం సాగుతున్న రోజులు. లెవీ కింద గింజలు సర్కారుకు పోయి వాడలో కుండలన్నీ బోర్లించి ఉన్న ఏడాది. ఆ ఏడు వాన మొదట ముసురుగా పట్టుకుంది. మూడోనాటికి గాలి తోడైంది. నాలుగోనాటికి నకిరేకల్ దిక్కు నుంచి రావలసిన బండ్లు రాలేదు. మూసీ ఒడ్డు ఊళ్లు కనిపించడం లేదని చెప్పుకున్నారు. రేగులగడ్డ చెరువు ఒంటరిది కాదు. పైన రెండు, కింద రెండు, అన్నీ ఒకే వాగుకు గుచ్చిన పూసల్లాంటివి. పై చెరువుకు ముప్పొస్తే ఆ ఊరి నీరటి అన్నం ముందర కూర్చున్నా లేచి, కింది చెరువు నీరటికి కబురు చెయ్యాలి. ఏ సర్కారూ పెట్టని కట్టుబాటు అది. అందుకే అది చక్కగా నడిచేది.

ఐదోనాడు పొద్దున పై ఊరి నీరటి బాలస్వామి నెత్తిన గోనెసంచి కప్పుకొని, నడుం దాకా బురదతో వచ్చాడు. ఊరి మనిషి కాదు కనుక అతనికి పరువు గొడవ లేదు. నేరుగా బిక్షమ్మ ముందే నిలబడ్డాడు.

"అక్కా, మాది తెగింది. మా పైది పొద్దుగాలనే తెగింది. నీళ్లన్నీ నీ మీదికే వస్తానయ్. పొద్దుగుంకే లోపట ఏదన్న జెయ్."

"మనుషులు?"

"గుట్టెక్కినం. గొడ్లే పోయినయ్."

గుడిసెలో ఆమె బిడ్డ సుక్కమ్మ. కానుపై తొమ్మిది రోజులు. నెత్తురు ఎక్కువ పోయి లేచి నిలబడితే కండ్లు తిరుగుతున్నాయి. పక్కన చిన్న పిట్టలాంటి ఆడపిల్ల. తలాపున కట్ట. ఆ కట్ట అవతల చెరువు. బిక్షమ్మ పిల్ల వైపు ఒకసారి చూసి, బాలస్వామికి జొన్న గటక ఇంత పెట్టి, గడీకి నడిచింది.

గడీ గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారు. లోపల వాడ మగవాళ్లంతా వెట్టిలో ఉన్నారు. కింది కొట్టులో ఉన్న దొర వడ్లు తడుస్తాయని బస్తాలు మిద్దె మీదికి మోస్తున్నారు. అంటే దొరకూ వరద భయం ఉంది. వడ్ల విషయంలో మాత్రమే.

చివరికి దొర అరుగు మీదికి వచ్చాడు.

"ఏందే? జంగడేడి?"

"లేవలేడు దొరా, నీకెర్కే. పైవి రెండు తెగినయ్. అడ్డకట్ట తెంపాలె. తెంపకుంటే మన కట్ట ఆగదు."

"తెంపితే నీళ్లెటు పోతయే?"

"వాగులకు."

"వాగేడున్నది?"

వాగు ఎక్కడుందో చెప్పాలంటే దొర పొలం చూపించాలి.

"పొట్టకొచ్చిన వరి. దాన్ని నీళ్లల్ల ముంచుమంటావ్, ఆఁ? నీ అయ్య పోసిండా నారు?"

"పల్లె మునుగుతది దొరా. వాడల బాలింతలున్నరు, ముసలోల్లున్నరు. మగోల్లందరు ఈడ్నే ఉండిరి..."

"మైసమ్మకు యాటను కొయ్యుండ్రి. తల్లి సల్లబడితే చెరువు సల్లబడతది. పో. మల్ల నువ్వు రాకు, జంగణ్ని తోలు."

దొర తీర్పు చెప్పాడు. ఊరు కదిలింది. బాలింతను మోయడానికి నలుగురు మగవాళ్లు దొరకని ఊళ్లో కట్టమైసమ్మ దగ్గరికి యాటను తోలడానికి పదిమంది దొరికారు. మాలీ పటేల్, పోలీస్ పటేల్ ఇద్దరూ వచ్చారు. ఒకడు శిస్తు చూసేవాడు, ఇంకొకడు దొంగలను చూసేవాడు. అన్నదమ్ముల పిల్లలు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

మత్తడి పక్కన రాతికంబం ఉంది. జంగయ్య తాత దాని మీద గీతలు చెక్కాడు. అన్నిటికంటే పైగీత అంటితే నీళ్లు కట్ట దాటుతాయి. బిక్షమ్మ యాట వైపు చూడలేదు. కంబం దగ్గర నిలబడి గీత వైపే చూస్తోంది. అప్పటికి పైగీతకు జానెడు తక్కువ.

యాటను కోశారు. నెత్తురు వానలో కడుక్కుపోయింది. అప్పుడు పుట్టింది అసలు ముప్పు. తలకాయ ఎవరిది?

"పెద్ద పటేల్‌ది తలకాయ. మా తాత నాటి సంది మాకే వస్తాంది," అన్నాడు మాలీ పటేల్.

"నీ తాత నాడు పోలీసు పటేల్‌గిరి వేరే లేకుండె. ఇప్పుడున్నది. ఊరికి కావలి ఎవడో వానిదే తలకాయ," అన్నాడు రెండోవాడు.

"దొంగలతోని పంచుకునేటోనివి నువ్వు గూడ కావలా?"

"శిస్తు మింగినోడు చెప్పబట్టె!"

"పటేలా," అంది బిక్షమ్మ, "బెత్తెడే ఉన్నది."

"ఏం బెత్తెడు?"

"గీతకు."

"నడుమ నువ్వెందుకే?" అన్నారిద్దరూ. ఆ రోజంతా వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే.

తగువు తేలక మనిషిని గడీకి పంపారు. ఆ మనిషి బురదలో పోయి, గేటు దగ్గర నిలబడి, తిరిగి వచ్చేసరికి మూడు వేళ్ల మందం మిగిలింది. అతను మోసుకొచ్చిన తీర్పు ఇది. తలకాయ గడీకి పంపాలి. మైసమ్మ శాంతించింది గనుక అడ్డకట్ట జోలికి ఎవ్వరూ పోవద్దు. నీళ్లు పటేళ్ల చెప్పుల కిందికి వస్తుంటే, వాళ్లు తొడలు పంచుకొని, తలకాయను తామరాకులో చుట్టి గడీకి పంపి, ఎవరి దారిన వాళ్లు పోయారు. మైసమ్మకు కూడా ఏదన్నా మిగిల్చారో లేదో ఎవరూ చూడలేదు.

ఈలోపల వాడ ఊరికే కూర్చోలేదు. ముసలి మారెమ్మ ఇల్లిల్లూ తిరిగి పురమాయించింది. ఉన్న పిడికెడు జొన్నలు కుండల్లో పోసి, మూతుల చుట్టూ పేడ మెత్తి, దూలాలకు వేలాడదీశారు. కోళ్లను గంపల్లో పెట్టారు. గొడ్ల పలుపులు విప్పి వదిలేశారు, వాటి ప్రాణం అవి చూసుకుంటాయని. పెద్ద మిద్దె, ఎత్తు జాగా గడీదే. కానీ గేటు మూసి అడ్డగడియ వేశారు. మాదిగలు లోపలికొస్తే గడీ బావి మైలపడుతుందట. ఊరు మునిగినా బావి మడిగా ఉండాలి.

అందుకని అందరూ బోడగుట్ట మీద ఏసోబు పెద్దయ్య ప్రార్థన చేయించే తాటికమ్మల ఇంటికి ఎక్కుతున్నారు. యేసును నమ్మినవాళ్లు, మైసమ్మను నమ్మినవాళ్లు, ఎవరినీ నమ్మనివాళ్లు అందరూ. మధ్యలో వంపు ఉంది. కట్ట కింది నుంచి ఊరే నీళ్లతో అప్పటికే అది నడుంలోతు పారుతోంది. నడవగలిగినవాళ్లు దాటారు. సుక్కమ్మ, మరో ఇద్దరు ముసలివాళ్లు, జంగయ్య మంచాల మీద ఇంకా ఇవతలే ఉన్నారు. మోసే భుజాలన్నీ దొర వడ్ల కింద ఉన్నాయి.

బిక్షమ్మ కట్ట దిగి వచ్చి మోట తాడు అందుకుంది. మంచంలోంచి జంగయ్య అడిగాడు.

"దొర హుకుం అయిందా?"

"కాలే."

"మరి?"

"నీరటి ఎవ్వరు?"

పదకొండేండ్ల తర్వాత ఆ ప్రశ్న ఆ ఇంట్లో మొదటిసారి పుట్టింది.

"నడుమ కొట్టకు," అన్నాడు జంగయ్య. "దొర పొలం దిక్కు కొసకు, జానెడంత గీరి వదిలిపెట్టు. తక్కింది నీళ్లే తింటయ్. నువ్వు చెరువు దిక్కు నిలబడు. వాగు దిక్కు నిలబడితే నిన్ను గూడ తింటయ్."

"నాకు తెల్వదా?"

"తెల్సు. అయినా చెప్పిన. మొగోన్ని గద."

వానలో కూడా ఆమెకు నవ్వొచ్చింది.

మోట తాడు ఒక కొస రాతికంబానికి, ఒక కొస ఆమె నడుముకు కట్టారు. మారెమ్మ, ఇంకా ఆరుగురు ఆడవాళ్లు తాడు పట్టుకున్నారు. అరవయ్యేండ్ల ఏసోబు పెద్దయ్య పంచె ఎగగట్టి వచ్చి వాళ్ల వెనక తాడు పట్టుకున్నాడు.

"పెద్దయ్యా, దొర అడ్గితే?" అంది మారెమ్మ.

"అడ్గితే అడ్గనీయ్ మారెమ్మా. ముందుగాల అడిగెటంద్కు మనం ఉండాలె గద."

కింది ఊరి నీరటికి ముందే కబురు పోయింది. గటక తిన్న బాలస్వామి, తన ఊరు మునిగినా, ఆ బురదలోనే మరో కోసు దూరం పోయాడు, అక్కడి మత్తడి తెరిచి పెట్టమని చెప్పడానికి. దొరలకు పల్లకీలుంటాయి కానీ ఇలాంటి కాళ్లు ఉండవు.

బిక్షమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి పార ఎత్తింది. మొదటి దెబ్బకు తంగెడు కంప అడ్డం పడింది. పోయిన నెల ఆ కంప మోసి తెచ్చి వేసింది ఆమె చేతులే. రెండో దెబ్బ, మూడో దెబ్బ. గడ్డిపెల్ల ఊడింది. జానెడు సందులోంచి ముందు ఎర్రగా, సన్నగా ఒక పాయ దూకింది. తర్వాత మట్టి తనంతట తానే పెళ్లలు పెళ్లలుగా కరిగింది. బిక్షమ్మ కాలి కింద రాయి జారింది. పార చేతిలోంచి ఎగిరిపోయింది. ఆడవాళ్లు "ఓయమ్మో" అంటూ తాడు గుంజారు. ఆమె ఒక మోచెయ్యి తోలంతా రాతికంబానికి ఒరుసుకుపోయింది. మోకాలెత్తు అడ్డకట్ట మొత్తం ఒక్కసారి కూలి, చెరువు వాగు మీదికి దుమికింది. వాగును వాగు తిరిగి తీసుకుంది. దొర వరి మీద నిలువెత్తు నీళ్లు నడిచాయి.

పొద్దుగుంకే వేళకు బాలస్వామి చెప్పిన నీళ్లు వచ్చాయి. మత్తడి గర్జించింది. కంబం మీద నీళ్లు పైగీత వైపు లేచి, రెండు వేళ్ల దూరంలో ఆగి, అట్లాగే నిలబడ్డాయి. కట్ట నిలిచింది. కింద సుక్కమ్మ పిల్లకు పాలిస్తోంది.

బోడగుట్ట మీద ఆ సాయంత్రం ఇంకో విడ్డూరం జరిగింది. వాగు పొంగి కాపుల వీధిలోకి కూడా నీళ్లు వచ్చాయి. గడీ గేటు వాళ్లకూ తెరవలేదు. వాళ్లంతా గుట్టెక్కి, మాదిగల ప్రార్థన ఇంట్లోకి రాలేక, చూరు కింద వరుసగా నిలబడ్డారు. చూరు నీళ్లు నెత్తి మీద ధార కడుతుంటే కులం కాపాడుకున్నారు. చివరికి సుగుణమ్మ అనే కాపు కోడలు, వీపు మీద మోసుకొచ్చిన ముసలత్త పండ్లు టకటకలాడుతుంటే, "నా కులం తడిసింది తియ్యి, మా అత్తన్న ఆరుతది" అంటూ లోపలికి వచ్చి నెగడు దగ్గర కూర్చుంది. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు, ఏదో మరిచిపోయింది వెతుక్కోవడానికి వచ్చినట్టు.

తెల్లారేసరికి వాన వెలిసింది. వాన వెలిస్తే దొరకు ధైర్యం వచ్చింది.

నేరం తేలిగ్గానే తేలింది. నేరస్థుడి దగ్గరే చిక్కొచ్చింది. కాగితం ప్రకారం నీరటి జంగయ్య. కనుక దొర జవాన్లు జంగయ్యను మంచంతో సహా మోసుకొచ్చి గడీ వాకిట్లో దించారు. నిన్న ప్రాణం కోసం మంచం మోయడానికి నలుగురు దొరకలేదు. ఇవాళ దెబ్బల కోసం దొరికారు.

"అడ్డకట్ట తెంపినవా?"

"నేను నిలబడనన్న నిలబడ దొరా."

"నేను తెంపిన," అంది బిక్షమ్మ. మోచేతికి కట్టిన గుడ్డ తడిసి ఎర్రగా ఉంది.

"నువ్వెవతివి తెంపెతందుకు? నువ్వు నీరటివా?"

"కాకుంటే పదకొండేండ్ల సంది నీ మడికి నీళ్లెవరు పెట్టిన్రు దొరా?"

దొర చిక్కులో పడ్డాడు. ఈమెను శిక్షిస్తే ఈమె నీరటి అని ఒప్పుకోవాలి. శిక్షించకపోతే వరి ముంచినవాళ్లు లేకుండా పోతారు. గడీలో న్యాయం ఇట్లాంటి చిక్కుల దగ్గర ఎక్కువసేపు ఆగదు.

"చెరువు తెగిందా?" అని గద్దించాడు.

"తెగలే."

"తెగని చెరువుకు అడ్డకట్ట ఎందుకు తెంపినవే లంజా?"

ఆ ప్రశ్నకు వాకిట్లో ఉన్న పటేళ్లిద్దరూ తలలూపారు. కట్ట తెగి వాడ కొట్టుకుపోయి ఉంటే ఆమె చెప్పింది నిజమయ్యేది. ఊరు బతికినందువల్ల అబద్ధమైంది. మొగుడి బదులు పెండ్లాం అని చెప్పి ఆమెను వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. చింత బరికెతో కొట్టారు. పొద్దు వాలేదాకా అట్లాగే ఉంచారు. జంగయ్య మంచంలోంచి అదంతా చూశాడు. చూడటం కోసమే అతన్ని మోసుకొచ్చారని అప్పుడు అర్థమైంది.

మూడోనాడు తహసీల్దారు వచ్చాడు. బండి బురదలో దిగబడితే వాడ మగవాళ్లు ఎత్తుకొచ్చారు. పైన రెండు, పక్క వాగు మీద నాలుగు చెరువులు, అన్నీ తెగి పొలాలు ఇసుక మేటలయ్యాయి. ఇదొక్కటి నిండుగా నిలబడి ఉంది. దీని వల్ల దీని కింది రెండూ నిలిచాయి. కట్ట మీద నిలబడి ఆయన ఆశ్చర్యపోయాడు. పొద్దున్నే గడీలో "కోడి జర కారం పెట్టుండ్రి" అని చక్కటి తెలుగులో చెప్పినవాడు, ఇప్పుడు కూడా తెలుగులోనే అడిగాడు.

"గీ అడ్డకట్ట తెంపాలని ఎవరికి తోచింది?"

దొర గొంతు సవరించుకున్నాడు. పటేళ్లు ఆయన వైపు చూశారు.

"నేనే తెంపించిన," అన్నాడు దొర. "నా వరి పోతే పోయిందనుకున్న. రయ్యతు బతకాలె గద."

మాలీ పటేల్ కండ్లు తుడుచుకున్నాడు. పోలీస్ పటేల్ అతనికంటే ఎక్కువ తుడుచుకున్నాడు.

వాడ వాళ్ల గుంపులోంచి బిక్షమ్మ ముందుకొచ్చింది. ఎవరూ పిలవలేదు. వీపు తిప్పి, చీర కొంగు జరిపి చూపించింది. బరికె గీతలు కంబం మీది గీతల్లా వరుసగా ఉన్నాయి.

"దొర తెంపిస్తే, మొన్న నా వీపు మీద బండెందుకు పెట్టిచ్చిండో జర అడుగు సాబ్."

తహసీల్దారుకు ఆ క్షణంలో తెలుగు మొత్తం మరుపుకు వచ్చింది. వెంట వచ్చిన జమేదారు వైపు తిరిగి, ఈ ఔరత్ ఏమంటోందని ఉర్దూలో అడిగాడు. ఇనాం అడుగుతోందని జమేదారు చెప్పాడు. తహసీల్దారు చెయ్యి ఊపి బండెక్కాడు. దొర ముందుచూపును, త్యాగాన్ని పొగుడుతూ కాగితం రాసి పోయాడు. ఆ కాగితానికి గడీలో అద్దం కట్టించారు. దొర దాన్ని వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాడు.

అక్కడే దొర తప్పు చేశాడు.

మరుసటి ఏడు చెరువు నిండింది. అడ్డకట్ట పొయ్యడానికి వాడవాళ్లు రావాలని జవాను వచ్చి కేకేశాడు. బిక్షమ్మ గుడిసె ముందు కూర్చొని మనుమరాలికి నూనె రాస్తోంది. లేవలేదు.

"అది పోస్తే ఊరు మునుగుతదని సర్కారుకు చెప్పింది దొరే గద. అద్దంల పెట్టుకున్నడు గూడ. మల్ల పొయ్యుమంటే మేమెట్ల పోస్తం? దొర మాట తప్పినట్టు కాదా?"

"ఏందే, ఎక్కువ మాట్లాడుతున్నవ్?"

"నేనేడ మాట్లాడిన? కాగితం మాట్లాడుతాంది. అంత కావాలంటే దొరనే పార పట్టి పోసుకొమ్మను. నేను వచ్చి తాడు పట్టుకుంట."

వాడలోంచి ఒక్క మనిషీ కదల్లేదు. మారెమ్మ గుమ్మంలో నిలబడి చాటలో జొన్నలు చెరుగుతోంది. ఏసోబు పెద్దయ్య పంచె ఆరేస్తున్నాడు. చూరు కింద తడిసి నిలబడ్డ కాపులు కూడా, ఆ రోజు ఎవరికి ఏ పనుందో గానీ, గడీకి పోలేదు. జవాన్లే నలుగురు కలిసి మత్తడి మీద నాలుగు తట్టల మట్టి పోశారు. అలవాటు లేని చేతులు. మొదటి వానకే అది కొట్టుకుపోయింది.

ఆ సాయంత్రం జంగయ్య మంచంలోంచి అడిగాడు.

"ఏందే ఆ సప్పుడు?"

"మత్తడి దుంకుతాంది," అంది బిక్షమ్మ. కొత్త పార భుజాన వేసుకొని చూడటానికి పోయింది.